తేదీని చదువుటలో బ్రౌజరుల తడబాటు

పాఠశాలలో చేరవచ్చిన బాలుని పేరు అడిగిన వెంటనే ఉపాధ్యాయుడు అడుగు ప్రశ్న పుట్టినతేదీని గురించినది. ఆనాడు రిజిస్టరులో పడిన అంకెలే పదవ తరగతి సర్టిఫికెట్టునకు ఎక్కును. ఆ పిమ్మట ఉద్యోగములో చేరుటకును, దాని నుండి విరమించుటకును, పాస్‌పోర్టు పొందుటకును అవియే ఆధారమగును. ఆ తేదీని అంకెలలో ఒకసారియు, అక్షరములలో ఒకసారియు వ్రాయు ఆచారము మన పాఠశాలలలో ఉన్నది. ఒకచోట పొరపాటు దొర్లినచో రెండవచోట పట్టుబడును. తేదీ వంటి చిన్న విషయమునకు ఇంత జాగ్రత్త యెందుకని ఎవరును అడుగలేదు. ఎందుకనగా దాని విలువ అందరికిని తెలియును.

నేడు ఆ తేదీని చాలచోట్ల కంప్యూటరు తెరపై నింపుచున్నాము. తెరపై కనబడు పత్రమును మనకు చూపునది, మనము నింపిన దానిని మొదట చదువునది బ్రౌజరు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారి మొదలైనవి బ్రౌజరులే. వీని యన్నిటిలోను పనిచేయు భాష జావాస్క్రిప్టు. ఒకే భాష గనుక ఒకే తేదీని అన్నియు ఒకే విధముగా చదువుననియు, లేని తేదీని ఇచ్చినచో అన్నియు ఒకే విధముగా కాదనుననియు మనము తలంతుము. ఆ తలంపు సరికాదు. ఎందుకు సరికాదో, ఆ దోషము ఎవరిదో, దాని వలన కలుగు నష్టమేదో ఈ వ్యాసమున పరిశీలింతము.

దినము వేరు, క్షణము వేరు

మొదట ఒక భేదమును గ్రహింపవలెను. "1947 ఆగస్టు 15" అనునది ఒక దినము పేరు. అది క్యాలెండరులోని ఒక గడి. "1969 జులై 20న చంద్రునిపై మానవులు దిగిన క్షణము" అనునది కాలప్రవాహములోని ఒక బిందువు. ఆ క్షణము లోకమంతటికిని ఒక్కటే. కాని దానిని సూచించు గడియారపు అంకెలు దేశమును బట్టి మారును. అమెరికాలో అది 20వ తేదీ కాగా, మన దేశమున అప్పటికే 21వ తేదీ ప్రవేశించినది.

పుట్టినతేదీ మొదటి జాతికి చెందినది. హైదరాబాదులో ఆగస్టు 15న పుట్టిన బాలిక పెరిగి డల్లాసుకు వెళ్లినంత మాత్రమున ఆమె పుట్టినతేదీ 14 కాజాలదు. విమానము బయలుదేరు సమయము రెండవ జాతికి చెందినది. ఈ రెండింటిని వేరువేరు వస్తువులుగా ఉంచుకొనుట మంచి గణనపద్ధతికి మొదటి లక్షణము.

జావాస్క్రిప్టులోని "డేట్" అను సాధనము ఈ భేదమును పాటింపలేదు. పేరు తేదీయే కాని, దాని లోపల ఉన్నది ఒకే ఒక సంఖ్య: 1970 జనవరి 1వ తేదీ అర్ధరాత్రి, అనగా గ్రీన్విచ్ లెక్కను అనుసరించు సార్వత్రిక కాలమున 0 గంటల నుండి, గడచిన మిల్లీసెకండ్ల సంఖ్య. ఆ సంఖ్య రెండువైపులను 10 కోట్ల దినముల వరకు పోగలదు. పరిధి చాల గొప్పదే. కాని "ఏ గడియయు లేని ఉత్త దినము" అను భావమునకు అందులో చోటు లేదు. దినమును ఇచ్చినను అది క్షణముగా మార్చుకొనును. మార్చుటకు ఏదో ఒక గడియను, ఏదో ఒక దేశపు కాలమును ఊహింపవలెను. చిక్కులలో అధికభాగము ఈ ఊహ నుండియే పుట్టుచున్నవి.

సాధనము పుట్టుక

జావాస్క్రిప్టు భాషను 1995లో నెట్‌స్కేప్ సంస్థయందు బ్రెండన్ ఐక్ పది దినములలో రూపొందించెను. అప్పుడు క్రొత్తగా ప్రసిద్ధికి వచ్చుచున్న జావా భాషను పోలియుండవలెనని సంస్థవారి కోరిక. అందుచే తేదీ సాధనమును జావాలో నున్నదానిని చూచి దించుకొనిరి. దానితోపాటు దాని లోపములును వచ్చినవి. జనవరికి 0, డిసెంబరుకు 11 అని నెలలను లెక్కించు వింత పద్ధతి వానిలో నొకటి. అది జావాకును పూర్వపు సి భాష నుండి వచ్చినది. జావావారు 1997 నాటికే తమ పాత సాధనములోని పెక్కు భాగములను వాడవద్దని హెచ్చరించిరి. 2014లో పూర్తిగా క్రొత్త సాధనమును నిర్మించుకొనిరి. తల్లి తన తప్పును దిద్దుకొనినను, బిడ్డ మాత్రము పాత నడకనే నడచుచు వచ్చినది.

1997లో ఎక్మా అను ప్రమాణసంస్థ ఈ భాషకు ఎక్మాస్క్రిప్టు అను పేర మొదటి ప్రమాణమును వెలువరించెను. అందు తేదీని వ్రాయు పాఠమును ఎట్లు చదువవలెనను విషయము దాదాపు పూర్తిగా బ్రౌజరు నిర్మాతల ఇష్టమునకు విడువబడినది. తాను వ్రాసిన తేదీని తాను తిరిగి చదువగలిగిన చాలునన్నంత మాత్రమే నియమము. ఇది ఎట్లున్నదనగా, ప్రతి విద్యార్థియు తన చేతివ్రాతను తాను చదువుకొనగలిగిన చాలును, పరీక్షకుడు చదువనక్కరలేదన్నట్లున్నది.

అప్పటికి తొమ్మిదేండ్లకు పూర్వమే, 1988లో, అంతర్జాతీయ ప్రమాణసంస్థ ఐ.ఎస్.ఓ. 8601 అను ప్రమాణమును ప్రకటించియుండెను. సంవత్సరము, నెల, దినము అను క్రమమున 2024-08-15 అని వ్రాయుట దాని ముఖ్యరూపము. పెద్ద పరిమాణము నుండి చిన్నదానికి దిగు ఈ క్రమమున సందిగ్ధతకు తావులేదు. అట్టి మార్గము సిద్ధముగా నుండియు దానిని భాషాప్రమాణములోనికి తీసుకొనుటకు 2009 డిసెంబరు వరకు, అనగా అయిదవ కూర్పు వరకు పట్టినది. అదే సంవత్సరమున వెలువడిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8వ కూర్పునకు ఈ రూపము చదువుటయే రాదు.

తీసుకొనునప్పుడైనను సరిగా తీసుకొనలేదు. ఐ.ఎస్.ఓ. పద్ధతిలో కాలమండలమును చెప్పని సమయము స్థానిక సమయమని అర్థము. ఎక్మావారు 2009లో దానిని సార్వత్రిక కాలముగా తీసుకొనవలెననిరి. 2015లో ఆరవ కూర్పున స్థానిక కాలమే అనిరి. 2016లో ఏడవ కూర్పున మధ్యేమార్గమును అవలంబించిరి: ఉత్త తేదీ యున్నచో సార్వత్రిక కాలము, తేదీతోపాటు గంటయు నున్నచో స్థానిక కాలము. ఏడేండ్లలో ఒకే పాఠమునకు మూడు అర్థములు. నడుమ కాలమున కొన్ని బ్రౌజరులు ఒక అర్థమును, కొన్ని మరియొక అర్థమును పట్టుకొనియుండెను. హైదరాబాదులో ఉదయము 10 గంటలకు పరీక్షయని వ్రాసిన పత్రము ఒక బ్రౌజరులో 10 గంటలనియే చూపుచుండగా, మరియొకటి దానికి మన దేశపు అయిదున్నర గంటలు కలిపి సాయంకాలము 3 గంటల 30 నిమిషములని చూపుటకు అవకాశమేర్పడినది.

2016 నాటి నియమమునకు తర్కబలము లేదు. గంటను చేర్చుటతోనే పాఠము దేశము మారుట ఎట్లు? అయినను అప్పటికే అసంఖ్యాకమైన పుటలు ఈ నడతపై ఆధారపడియున్నవి. మార్చినచో అవి చెడును. కనుక తప్పునే ప్రమాణముగా స్థిరపరచిరి. ఎట్టిదైనను ఒక నియమము ఏర్పడుట మేలే యని మనము ఒప్పుకొనవలెను. కాని అది మొదటి అశ్రద్ధకు చెల్లించిన వెలయని కూడ గుర్తింపవలెను.

ఒక దినము ఎటుపోయినది?

ఈ నియమము వలన జరుగు విచిత్రమును రెండు ఉదాహరణములతో చూతము.

బాలిక పుట్టినతేదీ 2010-08-15 అని భద్రపరచబడినది. దానిని డేట్ సాధనమునకు ఇచ్చినచో గ్రీన్విచ్ అర్ధరాత్రిగా గ్రహించును. హైదరాబాదులో ఆ క్షణమునకు ఆగస్టు 15 ఉదయము 5 గంటల 30 నిమిషములు. తెరపై 15 అనియే కనబడును. ఇచట పరీక్షించినవారు అంతయు సరిగానున్నదని సంతోషింతురు. అదే పుటను డల్లాసులో నున్న ఆమె మేనమామ తెరచినచో, అచటి వేసవి కాలము గ్రీన్విచ్‌నకు 5 గంటలు వెనుక గనుక, ఆగస్టు 14 రాత్రి 7 గంటలుగా లెక్కింపబడి తెరపై 14 అని కనబడును. గ్రీన్విచ్‌నకు తూర్పున నున్నవారికి కనబడని తప్పు పడమర నున్నవారికి కనబడును. మన దేశమున పనిచేసి అమెరికాకు సాఫ్ట్‌వేరు పంపువారు ఈ విషయమును మరువరాదు.

దీనికి విలోమమైన తప్పు మన దేశమునందే పట్టుకొనును. 2010, ఆగస్టు, 15 అని మూడు సంఖ్యలుగా ఇచ్చినచో సాధనము దానిని స్థానిక అర్ధరాత్రిగా గ్రహించును. ఆ తేదీని సర్వరునకు పంపుటకు ఐ.ఎస్.ఓ. పాఠముగా మార్చినచో, ఆ పాఠము సార్వత్రిక కాలమున నుండును గనుక అయిదున్నర గంటలు వెనుకకు పోయి 2010 ఆగస్టు 14, 18 గంటల 30 నిమిషములు అని వచ్చును. అచట గంటలను కోసివేసి తేదీని మాత్రము దాచుకొనినచో 14 మిగులును. బాలిక ఒక దినము పెద్దదైనది! ఏ బ్రౌజరును ఇచట నియమమును మీరలేదు. సాధనమే దినమును క్షణముగా మార్చినది; దోషమంతయు ఆ మార్పులోనే యున్నది.

ఒక దినమే కదా యనరాదు. ఫలానా తేదీ నాటికి ఇన్ని యేండ్లు నిండవలెనను నియమము గల ప్రతిచోట ఆ ఒక దినమే హద్దు. హద్దుకు ఆవల పుట్టినవారిని ఈవలకు, ఈవలివారిని ఆవలకు అది త్రోయగలదు. పైగా రెండు రికార్డులలో పుట్టినతేదీ సరిపోలనిచో దిద్దించుకొనుటకు కాళ్లరిగిపోవునని అనుభవించినవారికి చెప్పనక్కరలేదు.

గీతల నడుమ తేదీ

మన దేశమున తేదీని దినము, నెల, సంవత్సరము అను క్రమమున వ్రాయుదుము. అమెరికాలో నెల ముందు, దినము తరువాత. 03/04/2024 అని వ్రాసినచో మనకు ఏప్రిల్ 3, వారికి మార్చి 4. జావాస్క్రిప్టు ప్రమాణమున ఈ గీతల రూపమునకు నియమమే లేదు. అయినను బ్రౌజరులు దానిని అమెరికా క్రమముననే చదువుచున్నవి. కంప్యూటరును తెలుగుదేశమున కొన్నను, తెరపై తెలుగక్షరములు పెట్టుకొన్నను ఈ నడతలో మార్పుండదు.

దీని ఫలితమును విద్యార్థులు స్వయముగా లెక్కింపవచ్చును. సామాన్య సంవత్సరమున 365 తేదీలు. ప్రతి నెలలోను మొదటి 12 దినములు నెల సంఖ్యగా కూడ చెల్లును. కనుక సందిగ్ధమైన తేదీలు 12 × 12 = 144. వీనిలో 01/01, 02/02 మొదలుగా 12/12 వరకు గల 12 తేదీలు ఎటు చదివినను ఒక్కటే. మిగిలిన 132 తేదీలు ఏ హెచ్చరికయు లేకుండ వేరొక తేదీగా మారును. 365 నుండి 144 తీసివేయగా మిగిలిన 221 తేదీలలో దినసంఖ్య 12ను మించియున్నది గనుక అవి నెలలుగా చెల్లవు; తిరస్కరింపబడును.

తిరస్కరింపబడిన 221 వలన భయము లేదు. తప్పు జరిగినదని వెంటనే తెలియును. భయమంతయు మౌనముగా మారిన 132 వలననే. నూటికి 36 పాళ్లకు పైగా తేదీలు నోరు మెదపకుండ తప్పుగా నమోదగును. నెలలో 20వ తేదీన పరీక్షించిన ప్రోగ్రామరునకు తప్పు కనబడును. 5వ తేదీన పరీక్షించినవానికి తేదీ వచ్చినదని తృప్తి మిగులును.

లేని తేదీలు, కాని తేదీలు

తేదీని చదువుట వేరు, అది చెల్లునో లేదో విచారించుట వేరు. వాక్యమునకు వ్యాకరణము, అర్థము అని రెండున్నట్లే తేదీకిని రెండు పరీక్షలున్నవి. "2024-02-30" అనుదానిలో వ్యాకరణదోషము లేదు: నాలుగంకెల సంవత్సరము, రెండంకెల నెల, రెండంకెల దినము. కాని ఫిబ్రవరికి 30వ తేదీ యెన్నడును లేదు. దీనిని ఏమి చేయవలెను?

క్రోమ్ దీనిని స్వీకరించి, మిగిలిన దినమును ముందుకు జరిపి, మార్చి 1గా చేయును. ఫైర్‌ఫాక్స్ చాలకాలము దీనిని చెల్లని తేదీయని తిరస్కరించెను. ఒకచోట తప్పు దొరికినది, మరియొకచోట తప్పు ఒప్పుగా వేషము వేసినది. పాఠముగా గాక మూడు సంఖ్యలుగా ఇచ్చినచో జరుపుటయే ప్రమాణనియమము. నెలకు మూడు దినములు కలుపుట వంటి గణనలకు అది ఉపయోగకరమైన గుణము. కాని గణనకు గుణమైనది విచారణకు దోషము. గుమాస్తా "ఫిబ్రవరి 30" అని వ్రాసిన దరఖాస్తును చూచి, అడుగకుండ "మార్చి 1" అని దిద్దినచో మనము అతనిని మెచ్చుకొనము.

తేదీకిని గంటకును నడుమ ఏముండవలెనను చిన్న విషయమున కూడ ఏకాభిప్రాయము లేదు. ప్రమాణము "టి" అను ఆంగ్లాక్షరమును కోరును. మైసీక్వెల్ వంటి దత్తాంశనిధులు ఆ చోట ఖాళీని విడుచును. ఖాళీ యున్న పాఠమును క్రోమ్ చదువగా సఫారి చాలకాలము చెల్లదనెను. క్రోమ్‌లో మాత్రమే పరీక్షించిన పుటలు ఐఫోనులో తేదీలు లేక వెలవెలపోవుటకు ఇది సుపరిచితమైన కారణము.

ఔదార్యము హద్దు మీరిన సందర్భమును కూడ చూడవలెను. క్రోమ్‌లో ఆంగ్లాక్షరములతో "వార్డు 12" అని వ్రాసి డేట్ సాధనమునకిచ్చినచో అది 2001 డిసెంబరు 1 అని చెప్పును. అంకెకు ముందున్న తెలియని పదమును విడిచి, 12ను నెలగా గ్రహించి, చెప్పని దినమును 1గాను, సంవత్సరమును 2001గాను పూరించును. "వార్డు 13" అన్నచో 13వ నెల లేదు గనుక చెల్లదనును. "వార్డు 32" అన్నచో 32 దినము కాజాలదు గనుక సంవత్సరమని తలచి 2032 జనవరి 1 అనును. "వార్డు 50" అన్నచో 1950కి పోవును. రెండంకెల సంవత్సరములను 49 వరకు 2000లలోను, 50 నుండి 1900లలోను చేర్చుట దాని పద్ధతి. "మార్క్స్ 12" అన్నచో మొదటి మూడక్షరములను చూచి మార్చి నెలయని భ్రమించి 2001 మార్చి 12 అనును. తేదీ అవునో కాదో తేల్చుటకు ఈ సాధనమును నమ్ముకొన్నవాడు విద్యార్థి మార్కులను పుట్టినతేదీగా నమోదు చేసికొనవచ్చును.

చెల్లని తేదీ యని తెలిసినప్పుడైనను సాధనము కేక వేయదు. లోపల "సంఖ్య కానిది" అను గుర్తును ఉంచి ఊరకుండును. ఆ గుర్తును దేనితో పోల్చినను, ఇది దానికన్న పెద్దదా యనినను, చిన్నదా యనినను, సమాధానము "కాదు" అనియే. "పుట్టినతేదీ ఫలానా తేదీకి తరువాతిదైనచో తిరస్కరింపుము" అని వ్రాసినచోట చెల్లని తేదీకి సమాధానము "కాదు" గనుక తిరస్కారము జరుగదు. ద్వారపాలకుడు నిద్రింపగా దొంగ ప్రవేశించినట్లు తప్పుడు తేదీ లోనికి పోవును.

దోషము ఎవరిది?

బ్రౌజరు నిర్మాతల పక్షమున చెప్పదగినది కొంత యున్నది. ఇంటర్నెట్ నిర్మాతలలో ప్రముఖుడైన జాన్ పోస్టెల్ 1980లో ఒక ప్రమాణపత్రమున ఒక సూత్రమును పొందుపరచెను. మనము పంపు విషయమున నిష్ఠగాను, ఇతరుల నుండి గ్రహించు విషయమున ఉదారముగాను ఉండవలెనని దాని సారము. దూరదూరముల నున్న కంప్యూటరులు ఒకదానితో ఒకటి మాటాడుట ఇంకను నేర్చుకొనుచున్న ఆ దినములలో ఈ ఔదార్యము మేలు చేసినది. బ్రౌజరుల మధ్య పోటీయు దీనికి తోడైనది. ఒక పుట ఒక బ్రౌజరులో కనబడి మరియొకదానిలో కనబడనిచో, పాఠకుడు పుటను వ్రాసినవానిని నిందింపడు, బ్రౌజరునే మార్చును. అందుచే ఎదుటివాడు చదివిన ప్రతి వికృతరూపమును తానును చదువక తప్పదు.

ఈ వాదమును కొంతవరకు అంగీకరింపవచ్చును. అక్షరము వంకరగా నున్నను చదువుట ఔదార్యమే. కాని లేని అక్షరమును ఊహించి చదువుట ఔదార్యము కాదు. పుటలో బొమ్మ ఒక గీత ప్రక్కకు జరిగినచో కన్ను సర్దుకొనును. తేదీ ఒక దినము ప్రక్కకు జరిగినచో సర్దుకొనువారెవరు? పైగా ఔదార్యము పెరిగినకొలది వ్రాయువారి అశ్రద్ధయు పెరుగును. ఆ అశ్రద్ధయే రేపటి ఆచారమై ప్రమాణమును బంధించును. 2016 నాటి నియమము ఇట్లు పుట్టినదే. 2023లో ఇంటర్నెట్ వ్యవస్థను పర్యవేక్షించు నిపుణమండలియే పోస్టెల్ సూత్రమును పునర్విచారించి, తప్పులను ఊరక సహించుట కాలక్రమమున వ్యవస్థనే బలహీనపరచునని ఒక పత్రమును వెలువరించినది.

మన పంచాంగములలోను భేదములున్నవి. ఒకే పండుగను ఒకరు ఒకనాడు, మరియొకరు మరునాడు అనుట కలదు. అయినను ఏ సిద్ధాంతమును అనుసరించి గణించెనో పంచాంగకర్త చెప్పును. తెలిసి ఎన్నుకొనుటకు మనకు వీలుండును. దేశమంతటికి ఒక పౌర పంచాంగము కావలెనని 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన సంఘమును నియమించి, దాని సిఫార్సుపై 1957 మార్చి 22 నుండి జాతీయ పంచాంగమును అమలులో పెట్టుకొంటిమి. బ్రౌజరు తాను ఏ సిద్ధాంతము ననుసరించినదో చెప్పదు. భిన్నాభిప్రాయముండుట కన్న దానిని దాచిపెట్టుటయే పెద్ద దోషము.

దిద్దుబాటు ప్రయత్నములు

న్యాయముగా చెప్పవలసినచో, దిద్దుబాటులును జరుగుచున్నవి. 2014లో స్థిరపడిన హెచ్.టి.ఎం.ఎల్. 5 ప్రమాణమున తేదీకొరకే ప్రత్యేకమైన గడి కలదు. తెరపై అది ఆయా దేశపు క్రమమున కనబడినను, లోపల విలువ ఎల్లప్పుడును సంవత్సరము, నెల, దినము అను క్రమముననే యుండును. ఫిబ్రవరి 30కి అందు చోటులేదు. ఇది ప్రశంసింపదగిన ఏర్పాటు. కాని క్రోమ్‌లో 2012లో వచ్చిన ఈ గడి ఫైర్‌ఫాక్స్‌లో 2017 నవంబరునకును, మాక్ కంప్యూటరుల సఫారిలో 2021 ఏప్రిల్‌నకును గాని రాలేదు. ఆ తొమ్మిదేండ్లు, గడి తెలియని బ్రౌజరులో అది ఉత్త అక్షరముల గడిగా మారి, ఏది వ్రాసినను పుచ్చుకొనుచుండెను.

రెండవది టెంపొరల్ అను క్రొత్త సాధనము. ఇది 2021లో ప్రమాణప్రక్రియలో మూడవ దశకు చేరి, 2025 మేలో ఫైర్‌ఫాక్స్ 139వ కూర్పున మొదట వెలువడినది. ఇందు ఉత్త దినమునకు ఒక జాతి, క్షణమునకు మరియొక జాతి, కాలమండలముతో కూడిన సమయమునకు వేరొక జాతి కలవు. ఫిబ్రవరి 30 అను పాఠమునిచ్చినచో అది వెంటనే దోషమును ప్రకటించును. 1995లో పది దినములలో జరిగిన అశ్రద్ధను దిద్దుటకు ముప్పది యేండ్లు పట్టినదన్నమాట. పాత సాధనము మాత్రము తొలగింపబడదు. తొలగించినచో పాత పుటలు చెడును. కావున ప్రోగ్రామరుల జాగ్రత్తయే ఇప్పటికిని రక్ష.

తరగతిలో చేయదగినది

కంప్యూటరు బోధించు ఉపాధ్యాయులు దీనిని ఒక చక్కని ప్రయోగపాఠముగా చేయవచ్చును. రెండు వేరువేరు బ్రౌజరులను తెరచి, పైని చెప్పిన పాఠములను, అనగా ఫిబ్రవరి 30ని, 03/04/2024ను, "వార్డు 12"ను, డేట్ సాధనమునకిచ్చి ఫలితములను రెండు వరుసలలో వ్రాయింపవలెను. తరువాత కంప్యూటరు కాలమండలమును న్యూయార్కునకు మార్చి 2010-08-15ను మరల చూడవలెను. కూర్పులు మారినకొలది ఫలితములును మారవచ్చును. ఆ మార్పును కూడ నమోదు చేయుట శాస్త్రీయదృష్టికి మంచి అభ్యాసము.

పిమ్మట విద్యార్థులచేతనే సరియైన విచారణను వ్రాయింపవలెను. దానికి కావలసినది మూడవ తరగతి గణితమును, కొంత ఓర్పును మాత్రమే. పాఠమును బ్రౌజరుకు అప్పగింపక, గీతల వద్ద విడదీసి మూడు సంఖ్యలు చేయవలెను. నెల 1 నుండి 12 లోపల నున్నదా? దినము ఆ నెలకు గల దినసంఖ్యను మించలేదు కదా? ఫిబ్రవరి యైనచో సంవత్సరము 4చే భాగింపబడి 100చే భాగింపబడకుండ నున్నదా, లేక 400చే భాగింపబడుచున్నదా? ఈ లెక్కన 2024, 2000 అధికదిన సంవత్సరములు, 1900 కాదు. ఇంకొక ఉపాయమును కలదు. మూడు సంఖ్యలతో తేదీని నిర్మించి, దాని నుండి తిరిగి సంవత్సరము, నెల, దినములను అడుగవలెను. ఇచ్చినవే తిరిగి వచ్చినచో తేదీ చెల్లును. ఫిబ్రవరి 30 ఇచ్చి మార్చి 1 తీసికొన్నచో చెల్లదు. అంకెలలోను అక్షరములలోను తేదీని వ్రాసిన పాత రిజిస్టరు పద్ధతియే ఇది. ఒకదానిచే రెండవదానికి సాక్ష్యము చెప్పించుట.

పుట్టినతేదీ వంటి ఉత్త దినములను క్షణములుగా మార్చకుండ, సంవత్సరము, నెల, దినము అను పాఠముగానే భద్రపరచవలెను. నింపువాని కొరకు గడి ప్రక్కన ఏ క్రమమున వ్రాయవలెనో స్పష్టముగా చెప్పవలెను. వీలైనచో నెలను పేరుతో ఎన్నుకొననియ్యవలెను. "ఏప్రిల్ 3" అన్నచో ఏ దేశమువాడును పొరబడడు. బ్రౌజరు ఒప్పుకొన్నదానిని సర్వరు మరల పరీక్షింపవలెను.

యంత్రము తప్పు చేయదను నమ్మకము మన ప్రజలలో బలముగా నున్నది. "కంప్యూటరులో అట్లే యున్నది" అను మాటతో ఎదుటివాని నోరు మూయించుట కార్యాలయములలో విననిది కాదు. కంప్యూటరు చేయు గణనలో తప్పుండకపోవచ్చును. కాని అది మన మాటను ఏ అర్థమున గ్రహించినదను ప్రశ్న మిగిలియే యుండును. ఆ అర్థమును నిర్ణయించినవారు మనుష్యులు. తొందరలో నిర్ణయించినవారు, ఇచ్చ వచ్చినట్లు మార్చినవారు, మార్చలేక ఊరకున్నవారు. తెరపై కనబడిన తేదీ తమ తేదీ కానప్పుడు, "ఇది నా తేదీ కాదు" అని నిలిచి చెప్పగల ధైర్యమును, ఎందుకు కాదో చూపగల జ్ఞానమును మన విద్యార్థులకు ఈయగలిగినచో ఈ చిన్న పాఠము సార్థకమగును.